నీళ్లు తేటగా ఉంటే చాలదు

కొత్తగా పెట్టిన ఆక్వేరియంలో చేపలు చచ్చిపోయేది సాధారణంగా తెచ్చిన రోజున కాదు. రెండో వారంలోనో మూడో వారంలోనో ఒక్కొక్కటే పైకి తేలతాయి. అప్పటికి నీళ్లు తేటగానే ఉంటాయి. ఫిల్టర్ తిరుగుతూనే ఉంటుంది, మేత వేళకు పడుతూనే ఉంటుంది. ఇంటివాళ్లకు కారణం అంతుబట్టదు. షాపువాడు జబ్బు చేపల్ని అంటగట్టాడనుకుంటారు, లేదంటే ఇది తమ వల్ల అయ్యే పని కాదని తొట్టెను అటక ఎక్కిస్తారు.

చంపినది కంటికి కనబడేది కాదు. చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని చాలావరకు అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్లలోకి వచ్చేస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా, మలం కుళ్లినా పుట్టేది అదే. చెరువులో ఉన్న చేపకు దీనితో పెద్ద చిక్కు లేదు, చుట్టూ బోలెడు నీరు, మట్టి, మొక్కలు ఉంటాయి. అరవై లీటర్ల గాజు తొట్టెలో మాత్రం తాను వదిలిన దాని మధ్యే ఊపిరి తీసుకోవాలి. అందుకే ఫిల్టర్ అంటే నలుసుల్ని పట్టే జల్లెడ అనుకుని కొనడానికి బయల్దేరితే అక్కడే ఎంపిక దారి తప్పుతుంది. నలుసులు తేలుతున్న నీళ్లలో చేప హాయిగా బతకగలదు. అమ్మోనియా ఉన్న తేటనీళ్లలో బతకలేదు.

ఎంత అమ్మోనియా పుడుతుందన్నది భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు తెలిసిన లెక్కే. ఆక్వా రంగంలో దాన్ని మేతను బట్టి అంచనా కడతారు. నూటికి 40 వంతుల మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము వేస్తే అందులోంచి సుమారు 35 మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియా రూపంలో నీళ్లలో కలుస్తుంది. 100 లీటర్ల తొట్టెలో రోజుకు గ్రాము మేత వేస్తున్నామనుకుందాం. అమ్మోనియాను తీసేసే దారి ఏదీ లేకపోతే లీటరుకు రోజుకు 0.35 మిల్లీగ్రాముల చొప్పున పేరుకుని, వారం తిరిగేసరికి 2 మిల్లీగ్రాములు దాటుతుంది.

అందులో ఎంత భాగం విషమన్నది నీటి గుణాన్ని బట్టి ఉంటుంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశమున్న అమ్మోనియం అయాన్ వల్ల హాని తక్కువ. ఆవేశం లేని అమ్మోనియా అణువు మాత్రం మొప్పల పొరను సులువుగా దాటి రక్తంలోకి వెళ్లిపోతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే ఈ విషరూపం మొత్తంలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8 అయితే 7 వంతులు దాటుతుంది. మన బోరు నీళ్లు చాలా ఊళ్లలో కఠినమైనవి, పీహెచ్ 8కి అటూ ఇటూగా ఉండేవి. వేసవిలో తొట్టె నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. చలిదేశాల వాళ్ల కోసం రాసిన సలహాలు మన ఇళ్లలో ఒక్కోసారి బెడిసికొట్టడానికి ఇదొక కారణం.

ఈ అమ్మోనియాను వాడుకుని బతికే ప్రాణులున్నాయని 1877లో ఫ్రాన్స్‌లో తేలింది. ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి, మురుగునీరు దాని గుండా మెల్లగా దిగేలా చేశారు. ఇరవై రోజుల పాటు ఏ మార్పూ లేదు. పైన పోసిన అమ్మోనియా కింద అమ్మోనియాగానే దిగింది. ఆ తర్వాత కింది నీటిలో నైట్రేట్ కనబడటం మొదలై, క్రమంగా అమ్మోనియా అన్నదే లేకుండా పోయింది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆ పని ఆగిపోయింది. క్లోరోఫాంను వెళ్లగొట్టి, మట్టి కలిపిన నీళ్లు కొద్దిగా పోస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది. ఇసుకా సున్నమూ వాటంతటవి చేసే రసాయన చర్య మత్తుమందుకు ఆగదు. పని చేస్తున్నది ప్రాణమున్నవేనని అలా నిర్ధారణ అయింది.

ఆ ఇరవై రోజులు గుర్తుపెట్టుకోదగ్గవి. మన తొట్టెలో రెండో, మూడో వారంలో చేపలు తేలడానికి, ఆ గొట్టంలో ఇరవై రోజులు ఏమీ జరగకపోవడానికి మూలం ఒక్కటే. ఈ సూక్ష్మజీవులు పెరగడంలో మహా నెమ్మది. మన పేగుల్లో ఉండే ఈ-కోలై అనుకూలమైన చోట 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. అమ్మోనియా మీద బతికేవాటికి అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేవి కొన్ని, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేవి మరికొన్ని. ముందువి పెరిగితేగాని తర్వాతివాటికి తిండి దొరకదు. నడుమ వచ్చే నైట్రైట్ కూడా విషమే, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేనిదిగా మార్చేస్తుంది. ఈ రెండంచెలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వీటిని వేరుచేసి పెంచాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది నైట్రోబాక్టర్ అనే పుస్తకాలన్నీ చెప్పాయి. మంచినీటి ఆక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో తెలిసింది. 2005లో అమెరికాలోని సియాటిల్ ఆక్వేరియంలో ఒక ఉప్పునీటి తొట్టె నుంచి అమ్మోనియాను వాడుకునే ఆర్కియాను, అంటే బాక్టీరియా కాని వేరే వంశపు సూక్ష్మజీవిని, వేరుచేశారు. ఇళ్లలోని మంచినీటి తొట్టెల ఫిల్టర్లలో చాలావాటిలో ఇలాంటి ఆర్కియాలదే పైచేయి అని 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. 2015లో మరో విశేషం బయటపడింది. రెండంచెల పనినీ ఒక్కటే పూర్తిచేయగల నైట్రోస్పైరా జాతులున్నాయి, వాటిలో కొన్ని దొరికింది చేపల పెంపకపు ఫిల్టర్‌లోనే. ఒక స్పాంజి ముక్కలో ఇంత శాస్త్రం దాగి ఉందని తెలిశాక దాన్ని కుళాయి కింద పెట్టి పిండడానికి చేతులు రావు.

వీటికి కావలసినవి మూడే: అంటుకుని బతకడానికి గరుకైన చోటు, నిరంతరం ఆక్సిజన్, తమ జోలికి ఎవరూ రాకపోవడం. ఇవి నీళ్లలో పెద్దగా తేలియాడవు, దేనికో ఒకదానికి అతుక్కుని పలచని పొరగా పెరుగుతాయి. అందుకే తొట్టెలో పావు వంతు నీళ్లు మార్చినా వీటికి నష్టం లేదు, ఫిల్టర్‌లో స్పాంజి మార్చేస్తే ఉంది. ఆక్సిజన్ ఎంత కావాలంటే, ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు నాలుగున్నర గ్రాములు. 30 డిగ్రీల నీళ్లలో కరిగి ఉండగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. అంటే తొట్టెలో ఊపిరి తీసుకునేవి చేపలొక్కటే కాదు, ఫిల్టర్ కూడా తీసుకుంటుంది.

శ్రమ తక్కువ ఫిల్టర్ ఏదని వెతికేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. ఏ ఫిల్టర్‌లో ఈ సూక్ష్మజీవుల్ని తక్కువగా కదిలిస్తే సరిపోతుందో, కరెంటు పోయినా అవి ఎక్కువసేపు బతుకుతాయో, ఆ ఫిల్టరే మనకు పని తగ్గిస్తుంది. డబ్బా మీద గంటకు ఇన్ని వందల లీటర్లు అని రాసి ఉండే అంకె రెండో విషయం. పైగా ఆ అంకె సాధారణంగా స్పాంజి, రాళ్లు లేకుండా ఖాళీ మోటారుకు చూసి రాసినది. వాటిని నింపి, నాలుగు వారాలు మడ్డి పట్టాక వచ్చే ధార అందులో సగమైనా ఆశ్చర్యం లేదు.

షాపులో ముందుగా చూపించేవి తొట్టె లోపల గోడకు అతికించే ఇంటర్నల్ ఫిల్టర్లు, అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్లు. మొదటిదాంట్లో స్పాంజి చిన్నది, మోటారు జోరైనది. ఆ జోరుకు నలుసులు స్పాంజి రంధ్రాల్లోకి గట్టిగా దూరిపోయి వారం పది రోజులకే మూసుకుపోతుంది, మాటిమాటికీ కడగాలి. రెండోదాన్ని శుభ్రం చేయడం తేలిక, చెయ్యి తడవకుండా మూత తీయొచ్చు. అయితే చాలావాటిలో మార్చుకునే కార్ట్రిడ్జి ఉంటుంది, నెలకోసారి పాతది పారేసి కొత్తది పెట్టమని డబ్బా మీద రాస్తారు. ఆ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. నెల పాటు పెరిగిన సూక్ష్మజీవుల్ని చెత్తబుట్టలో వేసి మొదటి రోజుకు తిరిగి వెళ్లడమే అది. హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఇంట్లో ఉన్నవాళ్లు కార్ట్రిడ్జి తీసేసి ఆ గదిలో ముతక స్పాంజి ముక్క కత్తిరించి పెట్టుకుంటే అదే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కార్ట్రిడ్జిలోని యాక్టివేటెడ్ కార్బన్ కొన్ని వారాలకే నిండిపోతుంది. వాడిన మందునో రంగునో నీళ్లలోంచి తీసేయడానికి తప్ప రోజూ దాని అవసరం లేదు.

కేనిస్టర్ ఖరీదైనది, శక్తిమంతమైనది. తొట్టె కింద అరలో కూర్చునే మూసిన డబ్బా, లోపల నాలుగైదు లీటర్ల స్పాంజి, పింగాణీ రింగులు. రెండు మూడు నెలల దాకా తెరవనక్కర్లేదని చెబుతారు, అది నిజమే. దాని బలహీనత కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. మూసిన డబ్బాలో నీటి ధార ఆగగానే లోపలి సూక్ష్మజీవులు మిగిలిన ఆక్సిజన్‌ను తామే వాడేసుకుంటాయి. మడ్డి ఎక్కువగా ఉన్న డబ్బాలో కొన్ని గంటల్లోనే అది అయిపోతుంది. అమ్మోనియాను మార్చేవి కుంటుపడి, గాలి లేని చోట బతికేవి తలెత్తుతాయి. కరెంటు రాగానే ఆ దుర్వాసన నీరంతా ఒక్కసారిగా తొట్టెలో పడుతుంది. రాత్రి గాలివాన, తెల్లారి చూస్తే చేపలు లేవు అనే కథల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. కేనిస్టర్ ఉన్నవాళ్లు చాలాసేపు కరెంటు పోతే, డబ్బా విప్పి లోపలి నీళ్లు పారబోసి, రింగుల్ని తొట్టె నీళ్లతో తడిపాకే మళ్లీ మోటారు వేయాలి. పింగాణీ రింగుల లోపలి రంధ్రాల విస్తీర్ణం గురించి ప్రకటనల్లో పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. సూక్ష్మజీవుల పొరలో ఆక్సిజన్ మిల్లీమీటరులో కొంత భాగం లోతుకే దిగుతుంది, కాబట్టి లోలోపలి రంధ్రాల విస్తీర్ణాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోవడం సరికాదు. ముతక స్పాంజి చవకగా అదే పని చేస్తుంది.

మిగిలింది షాపులో అడుగు అరలో దుమ్ము పట్టి ఉండే స్పాంజి ఫిల్టర్. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, ఎయిర్ పంపుతో నడుస్తుంది. స్పాంజి మధ్యలో నిలువు గొట్టం, అందులోకి సన్నపాటి ట్యూబుతో గాలి. గొట్టంలో బుడగలు కలిసిన నీరు బయటి నీటి కన్నా తేలికవుతుంది. చుట్టూ ఉన్న బరువైన నీరు స్పాంజి గుండా లోపలికి చొచ్చుకుని దాన్ని పైకి నెడుతుంది. నీళ్లలో తిరిగే చక్రం లేదు, అరిగే భాగం లేదు. గొట్టం ఎంత లోతున మొదలైతే అంత బాగా ఎత్తుతుంది కాబట్టి దాన్ని అడుగునే ఉంచాలి. పైన బుడగలు పగిలి నీటి ఉపరితలం కదులుతున్నంతసేపు గాలిలోంచి ఆక్సిజన్ కరుగుతూనే ఉంటుంది. పిల్లలు పుట్టే గప్పీ, మోలీల తొట్టెలో పిల్లల్ని మోటారు లాగేస్తుందన్న భయం ఉండదు. వేగమైన ధార గిట్టని ఫైటర్ చేపకు కూడా ఇదే నయం.

ఈ స్పాంజి మూసిన డబ్బాలో లేదు, తొట్టెలోని నీళ్ల మధ్యనే ఉంది. కరెంటు పోయినా చుట్టూ ఉన్న ఆక్సిజన్‌తో చాలాసేపు నెట్టుకొస్తుంది. ఇంకా మంచిదేమంటే ఎయిర్ పంపుకు కావలసింది రెండు నుంచి ఐదు వాట్లు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్గుకు తగిలించేస్తే సరి, రాత్రంతా నడిచినా బ్యాటరీకి బరువు కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి, లేదా ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వు వేయాలి. లేకపోతే పంపు ఆగినప్పుడు తొట్టె నీళ్లు ట్యూబు గుండా వెనక్కి జారి పంపులోకీ, అక్కణ్ణుంచి నేల మీదికీ వస్తాయి.

కొనేటప్పుడు రెండు చూసుకోవాలి, పరిమాణమూ రంధ్రమూ. సన్నరంధ్రాల స్పాంజి నీళ్లను త్వరగా తేట చేస్తుంది, త్వరగా మూసుకుపోతుంది. అంగుళానికి 20 నుంచి 30 రంధ్రాలుండే ముతకది నిదానంగా తేట చేస్తుంది, నెలల తరబడి ధార తగ్గనివ్వదు. శ్రమ తగ్గాలనుకునేవాళ్లకు ముతకదే సరైనది. పరిమాణం విషయంలో షాపువాడు చెప్పినదాని కన్నా ఒక మెట్టు పెద్దది తీసుకోవడం మంచిది. అరవై లీటర్ల తొట్టెకు చిన్నవి రెండు పెట్టుకుంటే ఇంకా మేలు, ఈ నెల ఒకటి, వచ్చే నెల రెండోది శుభ్రం చేసుకుంటూ పోతే సూక్ష్మజీవుల్లో సగమైనా ఎప్పుడూ చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఇదే సూత్రాన్ని జర్మన్లు చివరి దాకా తీసుకెళ్లారు. హాంబర్గ్ పేరుతోనే పిలిచే మ్యాట్ ఫిల్టర్ ఒకటుంది. మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మందమున్న స్పాంజి పలకను తొట్టె ఒక చివర, గోడ నుంచి గోడకు, అడుగు నుంచి పైదాకా నిలబెడతారు. దాని వెనక ఉన్న నీటిని ఇందాకటిలాంటి బుడగల గొట్టంతోనో చిన్న మోటారుతోనో ముందుకు పోస్తారు. ఆ ఖాళీని నింపడానికి ముందున్న నీరు పలక గుండా నెమ్మదిగా వెనక్కి వెళ్తుంది. నిమిషానికి 5 నుంచి 10 సెంటీమీటర్ల వేగం ఉంటే చాలంటారు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల నీటి ఎత్తు ఉన్న తొట్టెలో పలక వైశాల్యం 1050 చదరపు సెంటీమీటర్లు. ఆ వేగంతో గంటకు 315 నుంచి 630 లీటర్లు దాటుతాయి. ఇంత వెడల్పున ఇంత మెల్లగా పోయే నీరు నలుసుల్ని రంధ్రాల్లోకి కుక్కదు. అవి పలక మీద, లోపల నెమ్మదిగా నిలిచి, సూక్ష్మజీవులకూ ఏకకణ జీవులకూ సన్నటి పురుగులకూ తిండి అవుతాయి. ఏళ్ల తరబడి దాన్ని కదపనివాళ్లున్నారు. శ్రమ తక్కువ ఫిల్టర్ అన్న మాటకు నా దృష్టిలో అసలైన అర్హత దీనికే ఉంది. తొట్టెలో కాస్త చోటు పోతుంది, చూడటానికి మొదట నల్లటి గోడలా ఉంటుంది, కొన్నాళ్లకు పాచి పట్టి ఆకుపచ్చబడుతుంది. పరుపుల్లో వాడే ఫోమ్ మాత్రం దీనికి పనికిరాదు. రంధ్రాలు మరీ సన్నవి, మంటలంటకుండా రసాయనాలు కలిపి ఉండవచ్చు. ఆక్వేరియం స్పాంజి పలకే కొనాలి.

శుభ్రం చేసే పద్ధతి అన్ని స్పాంజిలకూ ఒక్కటే. నీళ్లు మార్చే రోజున తొట్టెలోంచి తీసిన నీళ్లను బకెట్లో పోసి, అందులో స్పాంజిని రెండు మూడుసార్లు పిండి, తిరిగి పెట్టేయాలి. తెల్లగా వచ్చేదాకా పిండకూడదు. గోధుమరంగు కాస్త మిగిలి ఉండాలి. కుళాయి నీళ్లు వద్దు. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి, అది ఉంచేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. చేప మొప్పలకూ అది హానికరమే. తొట్టెలో పోసే మున్సిపల్ నీళ్లను ముందురోజే బకెట్లలో పట్టి నిలవ ఉంచడమో, షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయడమో చేయాలి.

ఏ ఫిల్టరూ చేయని పని ఒకటి ఉంది. సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి, ఆ నైట్రేట్ ఎక్కడికీ పోదు. ఇందాకటి 100 లీటర్ల తొట్టెలో రోజుకు గ్రాము మేత అంటే వారానికి లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల నైట్రేట్. వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తుంటే అది 40 మిల్లీగ్రాముల దగ్గర నిలబడుతుంది. మేత సగం చేస్తే 20 దగ్గర. కడగనక్కర్లేని ఫిల్టర్ ఉంటుంది గాని నీళ్లు మార్చనక్కర్లేని తొట్టె కోసం వెతకడం వృథా. ఆ భారాన్ని తగ్గించేది మొక్కలే. 1850లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ రెండు గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను, నత్తలను ఒకే పాత్రలో పెట్టి, నీళ్లు మార్చకుండానే అవి నెలల తరబడి బతకడం గురించి రాశాడు. చేపలు రెండే, పాత్ర పెద్దది, మొక్క బాగా పెరిగేది. అందుకే కుదిరింది. మన ఇళ్లలో ఇంతకన్నా సులువైన ఉపాయం మనీప్లాంట్. తీగను పైన ఉంచి వేళ్లను మాత్రం నీళ్లలోకి వదిలితే గాలిలో ఉన్న ఆకులకు వెలుతురు దండిగా దొరకడంతో నైట్రేట్‌ను చురుగ్గా లాక్కుంటుంది.

కొత్త తొట్టె పెట్టేవాళ్లు ఎదురుచూడాల్సిన ఆరు వారాలను తగ్గించుకోవచ్చు. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె తెలిసినవాళ్లింట్లో ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లో పాత స్పాంజి ఒక ముక్క అడిగి తెచ్చి తడి ఆరనీయకుండా మన ఫిల్టర్ పక్కన పెట్టడమే. ష్లోసింగ్, మ్యుంట్జ్ గొట్టంలో మట్టినీళ్లు చేసిన పని అదే. జబ్బు చేపలున్న తొట్టె నుంచి మాత్రం తేకూడదు. తర్వాత రెండు మూడు చిన్న చేపలతో మొదలుపెట్టి, చిటికెడు మేతతో సరిపెట్టి, టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయో లేదో వారానికి రెండుసార్లు చూసుకోవాలి. రెండూ సున్నా దగ్గర నిలిచాకే మరో రెండు చేపలు.

స్పాంజి చాలని తొట్టెలూ ఉన్నాయి. గోల్డ్ ఫిష్‌లు, ఆస్కార్ లాంటి పెద్ద చేపలు తినేదీ వదిలేదీ చాలా ఎక్కువ, తొట్టె రెండు మూడు వందల లీటర్లకు తగ్గకూడదు. అక్కడ కేనిస్టరే వాడుకోవచ్చు, నీళ్లు లాగే గొట్టం మూతికి ముతక స్పాంజి తొడుగు వేస్తే మడ్డి బయటే ఆగి డబ్బాను ఆర్నెల్లకోసారి తెరిస్తే సరిపోతుంది. దాంతోపాటు మూలన ఒక స్పాంజి ఫిల్టర్‌ను కూడా పెట్టి, దాని ఎయిర్ పంపును ఇన్వర్టర్ ప్లగ్గుకు తగిలించి ఉంచాలి.